మట్టిలో కలిసే సంచి.. మెత్తదనంలోనే మర్మం

* పెళుసు పదార్థాన్ని సంచిగా మార్చేది ప్లాస్టిసైజరే
* మోతాదు పెరిగితే సాగుతుంది.. బలం తగ్గుతుంది
* ఎండకు, వానకు మారే గుణాలు.. కొనేవారు తెలుసుకోవలసిన విషయాలు

బూర్గంపాడు: మన్యంలో తునికాకు సేకరణ చూసిన వారికి ఒక దృశ్యం పరిచితమే. కల్లాల్లో రోజుల తరబడి ఎండిన ఆకు కట్టలను బస్తాలకెత్తే ముందు వాటిపై నీళ్లు చల్లుతారు. పొడిగా ఉన్న ఆకును అలాగే కుక్కితే చేతిలోనే నలిగి ముక్కలవుతుంది. తడి తగిలిన ఆకు మెత్తబడి, వంచిన వైపు వంగుతుంది. బీడీలు చుట్టే ఇళ్లలోనూ ఇదే పద్ధతి. ఎండిన మోదుగాకులతో విస్తర్లు కుట్టేవారు సైతం ముందుగా ఆకును తడుపుకుంటారు. ఇక్కడ ఆకు మారలేదు, ఆకులోని పీచు మారలేదు. పీచుల నడుమ చేరిన నీరు ఆకు గుణాన్ని మార్చింది.

పాలిథిన్ సంచులకు బదులుగా మార్కెట్లోకి వచ్చిన, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ సంచుల తయారీలోనూ ఇదే సూత్రం ఇమిడి ఉంది. అక్కడ నీటి పనిని గ్లిజరిన్ వంటి పదార్థాలు చేస్తాయి. వీటినే ప్లాస్టిసైజర్లు అంటారు. సంచి ఎంత సాగుతుంది, ఎంత బరువు మోస్తుంది, ఎండలో ఏమవుతుంది, వానలో ఏమవుతుంది, ఎన్నాళ్లకు మట్టిలో కలుస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు వీటి చేతిలోనే ఉంటుంది. సంచిపై 'కంపోస్టబుల్' అన్న ముద్ర మాత్రమే చూసి కొంటే సరిపోదు. అది ఏ పనికి, ఏ వాతావరణానికి తగినదో కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

ఇప్పుడెందుకీ ప్రస్తావన?

ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులను కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి దేశవ్యాప్తంగా నిషేధించిన సంగతి విదితమే. ప్లాస్టిక్ చేతి సంచుల మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గరాదని నిబంధన విధించారు. అయితే ప్రమాణాలకు అనుగుణంగా తయారైన కంపోస్టబుల్ సంచులకు ఈ మందం నిబంధన వర్తించదు. దీంతో పలుచని సంచి కావలసిన కిరాణా, పండ్లు, కూరగాయల దుకాణాల చూపు ఈ కొత్త రకం సంచులపై పడింది.

బూర్గంపాడు, సారపాక ప్రాంతానికి ఇది మరింత ముఖ్యమైన విషయం. కిన్నెరసాని గోదావరిలో కలిసేది ఇక్కడికి సమీపంలోనే. వంతెన దాటితే భద్రాచల పుణ్యక్షేత్రం. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి వేల సంఖ్యలో యాత్రికులు వస్తారు. ఒడ్డున పారవేసిన ప్రతి సంచీ వరద కాలంలో నదిపాలవుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటినపుడు ఊళ్లనే ముంచెత్తిన నీరు గట్టున ఉన్న చెత్తను వదిలిపెట్టదు. అందువల్ల మట్టిలో కలిసే సంచి అవసరం ఇక్కడ ఎంతో ఉంది. అదే సమయంలో ఆ సంచి నిజంగా ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్న ఎరుక కూడా అంతే అవసరం.

ప్లాస్టిసైజర్ అంటే..

ప్లాస్టిక్ ఏదైనా పొడవైన గొలుసుల వంటి అణువుల సముదాయమే. ఈ గొలుసులు ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఉంటే పదార్థం బిరుసుగా ఉంటుంది. వంచబోతే విరుగుతుంది. గొలుసుల నడుమ చిన్న అణువులు చేరితే ఆ పట్టు సడలుతుంది. ఒక గొలుసు పక్కనుంచి మరొకటి జారగలుగుతుంది. అప్పుడు పదార్థం వంగుతుంది, సాగుతుంది. ఈ చిన్న అణువుల పదార్థమే ప్లాస్టిసైజర్.

ప్రతి ప్లాస్టిక్‌కూ ఒక ఉష్ణోగ్రతా హద్దు ఉంటుంది. అంతకన్నా చల్లగా ఉంటే గాజులా బిరుసుగానూ, అంతకన్నా వేడిగా ఉంటే రబ్బరులా మెత్తగానూ ప్రవర్తిస్తుంది. దీన్ని శాస్త్రజ్ఞులు గాజు స్థితి ఉష్ణోగ్రత అంటారు. ప్లాస్టిసైజర్ చేసే ప్రధానమైన పని ఈ హద్దును కిందికి దించడమే. సాధారణ పాలిథిన్‌కు ఈ హద్దు సున్నాకు 100 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. అందుకే అది ఏ ప్లాస్టిసైజర్ లేకుండానే మెత్తగా ఉంటుంది. మొక్కల నుంచి తయారయ్యే పలు ప్లాస్టిక్‌లకు ఆ వెసులుబాటు లేదు.

ఈ ప్రక్రియ కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన జాన్ వెస్లీ హయత్ 1870లో పేటెంటు పొందిన సెల్యులాయిడ్‌లో ప్లాస్టిసైజర్‌గా పనిచేసింది మన పూజ గదిలో ఉండే కర్పూరమే. 1926లో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పీవీసీకి కొన్ని ద్రవాలు కలిపి రబ్బరులా సాగేట్టు చేశారు. బోరుబావిలో దించే గట్టి పైపు, పెరట్లో మొక్కలకు నీరు పట్టే మెత్తని గొట్టం రెండూ పీవీసీయే. మొదటి దానిలో ప్లాస్టిసైజర్ ఉండదు, రెండో దానిలో దండిగా ఉంటుంది. ఆ మెత్తని గొట్టమే నాలుగైదు వేసవులు గడిచాక గట్టిపడి పగుళ్లిస్తుంది. ఎండకు చెడిపోవడంతో పాటు లోపలి ప్లాస్టిసైజర్ క్రమేణా బయటకు పోవడం కూడా అందుకు కారణం.

మొక్కజొన్న గంజి నుంచి సంచి దాకా..

జీవ విచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్‌లలో చౌకగా లభించే ముడిసరకు స్టార్చి, అంటే పిండిపదార్థం. ఏజెన్సీ ప్రాంత రైతులకు చిరపరిచితమైన మొక్కజొన్నే దీనికి ప్రధాన వనరు. కర్రపెండలం, బంగాళాదుంప నుంచి కూడా తీస్తారు. అయితే పొడి స్టార్చిని పాలిథిన్‌లా వేడిచేసి కరిగించడం సాధ్యం కాదు. కరగకముందే మాడిపోతుంది. నీరు లేదా గ్లిజరిన్ కలిపి, యంత్రంలో వేడితోపాటు ఒత్తిడితో పిసికినప్పుడు మాత్రమే పిండి రేణువులు విచ్చుకుని, ఒకే ముద్దగా మారతాయి. ఈ ముద్దను పొరలుగా సాగదీయవచ్చు. అంటే స్టార్చి విషయంలో ప్లాస్టిసైజర్ అదనపు హంగు కాదు. అది లేనిదే అసలు ప్లాస్టిక్కే లేదు.

గంజి పెట్టిన చొక్కాను గుర్తుచేసుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఆరిన గంజి బట్టను అట్టలా బిగదీస్తుంది. ఇస్త్రీ చేసే ముందు నీళ్లు చిలకరిస్తే లొంగుతుంది. నీరు ఆవిరైతే మళ్లీ బిగుస్తుంది. ఆవిరి కాకుండా లోపలే నిలిచి ఉండే 'నీరు' కావాలి. ఆ పాత్రను గ్లిజరిన్ పోషిస్తుంది. దాని మరుగు స్థానం 290 డిగ్రీల సెల్సియస్. నూనెల నుంచి సబ్బు తయారుచేసేటపుడు ఉప ఉత్పత్తిగా వస్తుంది. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతాల్లో పండే పామాయిల్ సహా ఏ వంటనూనె నుంచైనా దీన్ని తీయవచ్చు. అది కూడా మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారమే.

స్టార్చి పొరలలో గ్లిజరిన్ సాధారణంగా 100కు 20 నుంచి 40 పాళ్ల వరకు వాడతారు. మోతాదును బట్టి గుణాలు ఇలా మారతాయి.

* 10 పాళ్ల లోపు: ఆశ్చర్యకరంగా పదార్థం మెత్తబడకపోగా మరింత పెళుసవుతుంది. కొద్దిపాటి గ్లిజరిన్ గొలుసుల నడుమ ఖాళీల్లో ఇరుక్కుని వాటిని కదలనివ్వకపోవడమే దీనికి కారణం.
* 20 నుంచి 30 పాళ్లు: వంగే గుణం వస్తుంది. బలం కొంత తగ్గినా పనికివచ్చే స్థాయిలో ఉంటుంది.
* 40 పాళ్లు, ఆపైన: బాగా సాగుతుంది కానీ బరువు మోయలేదు. గ్లిజరిన్ పైకి ఊరి చేతికి జిడ్డుగా తగులుతుంది.

గ్లిజరిన్‌కు బదులుగా సార్బిటాల్ అనే తీపి పదార్థాన్ని కూడా వాడతారు. దీని అణువు పెద్దది. తేమను తక్కువగా లాగుతుంది. పొర బలంగా ఉంటుంది కానీ అంతగా సాగదు. నిల్వలో పైకి తెల్లని స్ఫటికాలుగా తేలే ప్రమాదమూ ఉంది. రైతులకు ఎరువుగా తెలిసిన యూరియా సైతం స్టార్చిని మెత్తబరచగలదు. ఏది కలిపినా సాగుదల, బలం రెండూ ఒకేసారి పెరగడం అరుదు. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోవలసిందే.

ఎండకు పెళుసు.. వానకు మెత్తన

శ్రావణ మాసంలో డబ్బా మూత సరిగా పెట్టని అప్పడం ఏమవుతుందో గృహిణులకు తెలుసు. కరకరలాడవలసినది గాలిలోని తేమ పీల్చి సాగుతుంది. స్టార్చి సంచికీ ఇదే ఇబ్బంది. గ్లిజరిన్‌కు తేమను లాగే స్వభావం ఉంది. గాలిలో తేమ పెరిగితే పొరలోకి నీరు చేరి, అది కూడా ప్లాస్టిసైజర్‌గా పనిచేస్తుంది. దాంతో సంచి అవసరానికి మించి మెత్తబడుతుంది. వేసవిలో వడగాలులకు ఆ తేమ ఇగిరిపోతే బిగుసుకుపోతుంది. ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరికి చేరే ఎండలు, ఆ వెంటనే నెలల తరబడి ముసురు ఉండే గోదావరి పరీవాహక ప్రాంతంలో ఈ రెండు పరీక్షలూ ఒకే సంవత్సరంలో ఎదురవుతాయి. చల్లని, తేమ తక్కువ గల ప్రాంతంలో బాగున్న సంచి ఇక్కడ అంతే బాగుంటుందని చెప్పలేము.

కాలం గడిచేకొద్దీ వచ్చే మార్పు మరొకటి ఉంది. రాత్రి మెత్తగా ఉన్న అన్నం తెల్లారేసరికి చద్దన్నమై మెతుకు గట్టిపడుతుంది. ఉడికినపుడు విడిపోయిన పిండి గొలుసులు తిరిగి వరుసకట్టి బిగుసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. స్టార్చి ప్లాస్టిక్‌లోనూ వారాలు, నెలల వ్యవధిలో ఇదే మార్పు వస్తుంది. ప్లాస్టిసైజర్ రకాన్ని బట్టి ఈ మార్పు ఆలస్యం కావచ్చు, పూర్తిగా ఆగదు. గ్లిజరిన్ కన్నా యూరియా దీన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది.

ఇలాంటి కారణాల వల్లనే కంపోస్టబుల్ సంచులను చల్లని, పొడి ప్రదేశంలో ఉంచి, ఏడాదిలోగా వాడవలసిందిగా తయారీదారులు సాధారణంగా సూచిస్తుంటారు. చౌకగా వస్తున్నాయని ఒకేసారి కట్టలకు కట్టలు కొని, వేసవి అంతా రేకుల షెడ్డులో పెట్టిన దుకాణదారుకు వాటి అడుగు కుట్టు ఊడిపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. సంచి నకిలీది కావచ్చు. అసలైనదే అయినా నిల్వ లోపం వల్ల చెడి ఉండవచ్చు. ఈ తేడా తెలియకపోతే 'మట్టిలో కలిసేవన్నీ ఇంతే' అన్న అపనమ్మకంతో తిరిగి పాత పాలిథిన్‌కే మళ్లే అవకాశం ఉంది. అసలు నష్టం అదే.

వేడి టీకి తట్టుకోని కప్పు

స్టార్చిని సూక్ష్మజీవులతో పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మార్చి, దాని నుంచి తయారుచేసేది పాలీలాక్టిక్ ఆమ్లం. క్లుప్తంగా పీఎల్ఏ అంటారు. పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లం కూడా ఇదే. పీఎల్ఏ చూడడానికి గాజులా స్వచ్ఛంగా, గట్టిగా ఉంటుంది. దీని లాగుడు బలం 50 నుంచి 70 మెగాపాస్కల్స్. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 500 నుంచి 700 కిలోల బరువు ఆపగలదు. కానీ సాగుదల 10 శాతం కూడా ఉండదు. అందుకే పీఎల్ఏ ఒక్కదానితో సంచి చేస్తే మడత వద్ద చిట్లుతుంది.

దీని గాజు స్థితి ఉష్ణోగ్రత 55 నుంచి 60 డిగ్రీలు. పొగలు కక్కే టీ అంతకన్నా వేడిగా ఉంటుంది కాబట్టి సాధారణ పీఎల్ఏ కప్పు టీ పోయగానే ఆకారం కోల్పోతుంది. చల్లని పానీయాలకు మాత్రం చక్కగా పనికివస్తుంది. కాగితపు కప్పు లోపలి పూతగా వాడినప్పుడు పరిస్థితి వేరు. అక్కడ ఆకారాన్ని నిలబెట్టేది కాగితం. సారపాకలోని ఐటీసీ మిల్లు మూలంగా పేపర్‌బోర్డు ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. బోర్డు ఎంత మందంగా ఉన్నా పూత లేకపోతే టీ ఇంకిపోతుందన్నది గమనార్హం.

పీఎల్ఏను మెత్తబరచేందుకు నిమ్మ ఆమ్లం నుంచి తయారయ్యే సిట్రేట్ ఎస్టర్లు, పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటివి వాడతారు. తక్కువ మోతాదులో కలిపితే సాగుదల పెద్దగా పెరగదు. 20 పాళ్ల దరికి వచ్చేసరికి గాజు స్థితి ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు దగ్గరవుతుంది. ఆపైన సాగుదల వందల శాతానికి పెరుగుతుంది. అదే సమయంలో బలం సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. వేడిని తట్టుకునే శక్తి మరింత తగ్గుతుంది. గొలుసులకు కదిలే స్వేచ్ఛ దొరికినందున అవి నెమ్మదిగా స్ఫటికాలుగా వరుసకడతాయి. దాంతో ప్లాస్టిసైజర్‌కు లోపల చోటు తగ్గి, కొంత బయటకు నెట్టబడుతుంది. కొత్తలో మెత్తగా ఉన్న పొర కొన్ని నెలల తర్వాత బిరుసెక్కడానికి ఇదొక కారణం.

తిరుమల లడ్డూ సంచి వెనుక..

తెలుగు నేలపై ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ తిరుమలలోనే ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ మట్టిలో కలిసే సంచులపై పరిశోధన చేసింది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదం కోసం ఇలాంటి సంచుల విక్రయ కేంద్రాన్ని నాటి డీఆర్‌డీవో ఛైర్మన్ జి.సతీష్‌రెడ్డి ప్రారంభించారు. మొక్కజొన్న పిండితో చేసిన ఈ సంచులు సుమారు 90 రోజుల్లో విచ్ఛిన్నమవుతాయని అప్పట్లో ప్రకటించారు.

ఇలాంటి సంచుల తయారీలో తరచుగా వినిపించే పేరు పీబీఏటీ. క్షిపణుల తయారీకి పేరుగాంచిన ఆ ప్రయోగశాల కూడా దీని ఆధారంగానే సంచుల సాంకేతికతను రూపొందించింది. పీబీఏటీ గాజు స్థితి ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువన ఉంటుంది. అందువల్ల ప్లాస్టిసైజర్ లేకుండానే తన పొడవుకు అయిదు రెట్లకు పైగా సాగగలదు. సాధారణంగా పెట్రోలియం ఉత్పత్తుల నుంచి తయారైనా, సూక్ష్మజీవులు దీన్ని విచ్ఛిన్నం చేయగలవు. గ్లిజరిన్‌తో మెత్తబరచిన స్టార్చిని దీనితో కలిపితే ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. పీబీఏటీ సాగుదలను, నీటిని తట్టుకునే గుణాన్ని ఇస్తుంది. స్టార్చి ఖర్చును తగ్గించి, విచ్ఛిన్నాన్ని వేగవంతం చేస్తుంది. సంచి గుణం మార్చడానికి ప్లాస్టిసైజర్ ఒక్కటే మార్గం కాదని, ఇలాంటి మిశ్రమం మరో మార్గమని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

బ్యాక్టీరియా తన దేహంలో కొవ్వులా నిల్వచేసుకునే పీహెచ్‌బీ మరో రకం. దీన్ని 1926లో ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ లెమోయిన్ కనుగొన్నారు. మట్టిలోనూ నీటిలోనూ బాగా విచ్ఛిన్నమవుతుంది. కానీ నిల్వలో స్ఫటికాలు పెరిగి పెళుసవుతుంది. దీనికి కూడా సిట్రేట్ ఎస్టర్లు, గ్లిజరిన్ ఉత్పన్నాలు కలిపి మెత్తబరుస్తారు.

తినే పదార్థంలోకి చేరుతుందా?

ప్లాస్టిసైజర్ అణువులు గొలుసులకు అతికి ఉండవు, నడుమ ఇరుక్కుని మాత్రమే ఉంటాయి. కాబట్టి అవి బయటకు జారే వీలుంది. గ్లిజరిన్ నీటిలో కరుగుతుంది. తడి కూరగాయలు, పులుసు, పెరుగు వంటివి తగిలితే అందులోకి చేరుతుంది. సిట్రేట్లు నూనె పదార్థాల్లోకి చేరే అవకాశం ఎక్కువ. వేడి తోడైతే ఈ వేగం పెరుగుతుంది.

అన్ని ప్లాస్టిసైజర్లూ ఒకటి కావు. పీవీసీలో విస్తృతంగా వాడిన థాలేట్లు కొన్ని హార్మోన్లపై ప్రభావం చూపుతాయన్న ఆందోళనతో యూరోపియన్ యూనియన్ 2005లో పిల్లల బొమ్మల్లో వాటిపై శాశ్వత ఆంక్షలు విధించింది. గ్లిజరిన్, సార్బిటాల్ మాత్రం ఆహార పదార్థాల్లోనే అనుమతి ఉన్నవి. జీవ విచ్ఛిన్న ప్లాస్టిక్‌కు ప్లాస్టిసైజర్ కూడా హానిరహితమైనదై, మట్టిలో కలిసేదై ఉండాలి. సంచి మాయమై, అందులోని రసాయనం మట్టిలో మిగిలిపోతే ప్రయోజనం ఉండదు. ఆహారాన్ని నింపే ప్లాస్టిక్ నుంచి కిలో ఆహారంలోకి మొత్తం మీద 60 మిల్లీగ్రాములకు మించి పదార్థాలు చేరరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో పేర్కొంది. కాగా చేతి సంచిగా అమ్మేవన్నీ ఆహారం నింపడానికి తయారైనవి కావని గుర్తించాలి. వేడి సాంబారు, కూరలను సంచుల్లో పోసి ఇవ్వడం ఏ రకం సంచి విషయంలోనూ శ్రేయస్కరం కాదు.

కలిసిపోవడానికీ హద్దులున్నాయి

ప్లాస్టిసైజర్ ప్రభావం సంచి జీవితంతోనే ముగియదు. సూక్ష్మజీవులు పని ప్రారంభించాలంటే ముందు పొరలోకి నీరు చొరబడాలి. గ్లిజరిన్ వంటి నీటిని లాగే ప్లాస్టిసైజర్ ఉంటే నీరు సులభంగా చేరుతుంది. అది కరిగిపోయిన చోట సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. గొలుసులు సడలి ఉన్నందున ఎంజైములకు త్వరగా అందుతాయి. ఫలితంగా విచ్ఛిన్నం వేగవంతమవుతుంది. సంచిగా ఉన్నపుడు లోపంగా కనిపించిన గుణమే మట్టిలో మేలు చేస్తుంది.

అయితే 'కంపోస్టబుల్' అన్న మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రకారం, సుమారు 58 డిగ్రీల వేడి, తగినంత తేమ గల కంపోస్టులో, 180 రోజుల్లోగా పదార్థంలోని కర్బనంలో కనీసం 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. పెద్ద పెంటకుప్ప లోపల అంతటి వేడి పుట్టవచ్చు గానీ, రోడ్డు పక్క గుంతలోనో, ఇసుక తిన్నెల మీదనో పుట్టదు. పీఎల్ఏ వంటివి తమ గాజు స్థితి ఉష్ణోగ్రతకు దిగువన ఏళ్ల తరబడి అలాగే ఉండగలవు. చల్లని నది నీటిలోనూ అంతే. కాబట్టి కంపోస్టబుల్ సంచి అంటే గోదావరిలో పారవేయదగిన సంచి అని అర్థం కాదు. పశువు మింగితే పాలిథిన్ సంచిలాగే ఇదీ కడుపులో చుట్టుకునే ప్రమాదం ఉంది.

మిరప చేలో మరో పరీక్ష

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మిరప సాగులో మల్చింగ్ షీటు వాడే రైతులు ఉన్నారు. కలుపును, నీటి ఆవిరిని అరికట్టే ఈ షీటు సాధారణంగా పాలిథిన్‌దే. పంట తీసిన తర్వాత చిరిగిన ముక్కలు చేలో మిగిలిపోవడం సమస్య. దీనికి మారుగా దున్నితే మట్టిలోనే కలిసిపోయే స్టార్చి, పీబీఏటీ మిశ్రమ షీట్లు పలు దేశాల్లో వాడుకలోకి వచ్చాయి. యూరప్‌లో వీటికి 2018లో ఈఎన్ 17033 అనే ప్రమాణం రూపొందించారు. దీని ప్రకారం మట్టిలో రెండేళ్లలోగా 90 శాతం విచ్ఛిన్నం కావాలి.

ఇక్కడ ప్లాస్టిసైజర్ ప్రమేయం కీలకం. వానకు గ్లిజరిన్ కడుక్కుపోతే షీటు ముందుగానే బిరుసెక్కి చిరుగుతుంది. సన్నని షీట్లు మూడు, నాలుగు నెలలకే పగుళ్లివ్వడం సహజం. వానాకాలంలో నాటిన మిరప ఫిబ్రవరి, మార్చి దాకా చేలో ఉంటుంది. స్వల్పకాలిక కూరగాయలకు సరిపోయే షీటు మిరపకు చాలకపోవచ్చు. షీటు మందం, ఎన్ని నెలలు నిలుస్తుందన్న హామీ తెలుసుకోకుండా ఎకరాలకు ఎకరాలు పరచడం మంచిది కాదు. ముందుగా ఒకటి రెండు సాళ్లలో పరీక్షించి చూడడం వివేకం.

ఒక్క చూపులో..

* స్టార్చి: చౌక, త్వరగా కలుస్తుంది. నీటికి, తేమకు ఓర్వదు. ప్లాస్టిసైజర్ తప్పనిసరి.
* పీఎల్ఏ: గట్టిది, స్వచ్ఛమైనది. వేడికి ఓర్వదు, పెళుసు. మెత్తబరిస్తే బలం తగ్గుతుంది.
* పీహెచ్‌బీ: మట్టిలో, నీటిలో విచ్ఛిన్నమవుతుంది. నిల్వలో పెళుసెక్కుతుంది.
* పీబీఏటీ: స్వతహాగా మెత్తన. ప్లాస్టిసైజర్ అక్కరలేదు. మిశ్రమాలకు ఆధారం.

కొనేముందు చూడవలసినవి

* సంచిపై 'కంపోస్టబుల్' అన్న మాటతో పాటు తయారీదారు పేరు, ధ్రువపత్రం సంఖ్య ముద్రించి ఉండాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం లేనిదే ఈ సంచులు తయారుచేయడానికి, అమ్మడానికి వీలులేదు.
* తయారీ తేదీ, ఎన్ని నెలల్లో వాడాలన్న వివరం అడిగి తెలుసుకోవాలి. మూడు నెలల అవసరానికి మించి నిల్వ చేయకపోవడం మేలు.
* ఎండ తగలని, తేమ లేని చోట, మూసిన అట్టపెట్టెలో ఉంచాలి. పాత నిల్వను ముందుగా వాడాలి.
* కట్టలో నుంచి ఒక సంచి తీసి మడిచి చూడాలి. మడత వద్ద తెల్లగా చారలు పడి చిట్లితే మెత్తదనం పోయినట్టు. చేతికి జిడ్డు అంటితే ప్లాస్టిసైజర్ పైకి ఊరుతున్నట్టు అనుమానించాలి.
* వాడిన సంచిని తడి చెత్తతోనే వేయాలి. పాలిథిన్‌తో కలిపితే రెండూ పాడవుతాయి. పాలిథిన్ తిరిగి కరిగించడానికి పనికిరాదు, ఇది కంపోస్టుకు చేరదు.

శాస్త్రం ఎంత పెరిగినా ఎండిన ఆకుకు నీళ్లు చల్లే చేతికి తెలిసిన సంగతి మారలేదు. మెత్తదనం ఊరికే రాదు. ఎంత మెత్తన కావాలి, ఎన్నాళ్లు నిలవాలి, ఎప్పుడు మట్టిలో కలవాలి అన్న లెక్క సరిచూసుకున్నప్పుడే కొత్త సంచి పాత సంచికి నిజమైన ప్రత్యామ్నాయం కాగలదు. అంతవరకు గుడ్డ సంచి చేతపట్టుకుని అంగడికి వెళ్లడం, విందుకు మోదుగాకు విస్తరి వేయడం అన్నివిధాలా క్షేమకరం. వాటికి ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు.